మాన్పించడం, మానుకోవడం: దిగువ కృష్ణా డెల్టాలో వ్యసన విముక్తి ప్రయత్నాలు – మతనిరపేక్ష తోడ్పాటు బృందాల పూర్వరంగం

ప్రవేశిక

ఒక అలవాటును వదలడాన్ని చెప్పడానికి తెలుగులో ఒకే ధాతువు మూడు రూపాల్లో పనిచేస్తుంది: మాను, మాన్పించు, మానుకొను. మొదటిది కేవల క్రియ. రెండోది ప్రేరణార్థకం, అందులో మాన్పించేవాడు ఒకడు, మానేవాడు మరొకడు. మూడోదానిలో ‘కొను’ చేరి క్రియాఫలం కర్తవైపే తిరుగుతుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మద్యపానానికి వ్యతిరేకంగా నూరేళ్లకు పైగా సాగిన కృషిని ఈ మూడు రూపాల వెలుగులో చదివితే, దాదాపు అంతా ‘మాన్పించు’ చరిత్రగానే కనిపిస్తుంది. సంస్కర్త మాన్పించాడు, ప్రభుత్వం మాన్పించింది, ఇల్లాలు మాన్పించబోయింది. తాగేవాడు కర్తగా ఉన్న వాక్యం ఈ చరిత్రలో అరుదు.

ఆ వాక్యాన్ని సాధ్యం చేసే వ్యవస్థకు ఇవాళ ప్రపంచంలో తోటివారి తోడ్పాటు బృందం అని పేరు. ఒకే రకమైన వ్యసనంతో బాధపడినవారు ఒకచోట కూడి, బోధకుడూ అధికారీ లేకుండా, తమ అనుభవం చెప్పుకుంటూ ఒకరినొకరు నిలబెట్టుకోవడం దాని పద్ధతి. దైవవిశ్వాసం షరతు కానప్పుడు అది మతనిరపేక్ష బృందమవుతుంది. ఇటువంటి బృందానికి కావలసిన తాత్త్వికభూమిక బందరు ప్రాంతంలో 1930లలోనే సిద్ధమైంది. సభ నడుపుకునే పద్ధతి 1990లలో గ్రామగ్రామానికీ వచ్చింది. ఈ రెండూ కలవలేదు. ఎందుకు కలవలేదన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

వ్యసనం అనే మాట

‘వ్యసనం’ మొదట రాజులకు సంబంధించిన మాట. కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో దీనిని చర్చిస్తూ, మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసిరేసేది కాబట్టి వ్యసనమన్నాడు. వేట, జూదం, స్త్రీలోలత్వం, మద్యపానం కామం నుంచి పుట్టేవి. పరుషవాక్కు, కఠినదండన, అర్థదూషణం కోపం నుంచి పుట్టేవి. ఇవే మన సప్తవ్యసనాలు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. జూదాన్నీ మద్యాన్నీ కోపపు మాటనూ ఒకే తాటిమీద కట్టిన ఈ పాత వర్గీకరణ, పదార్థం కంటే ప్రవర్తన ముఖ్యమనే నేటి దృష్టికి దగ్గరగా ఉంది. ఆధునిక రాజ్యం మాత్రం వాటిని విడదీసింది. మద్యం ఆబ్కారీ శాఖకు పోయింది, పేకాటా కోడిపందెమూ పోలీసులకు పోయాయి. సంక్రాంతికి బరి దగ్గర అప్పులపాలైనవాడికీ, రోజూ సారా కొట్టు దగ్గర కూలబడేవాడికీ ఉన్న చుట్టరికం శాస్త్రకారుడికి కనిపించినంతగా పరిపాలకుడికి కనిపించలేదు.

వాడుకభాష మరో దారి పట్టింది. ‘తాగుబోతు’లోని ‘బోతు’ ప్రత్యయం తిండిబోతు, తిరుగుబోతు వంటి మాటల్లోలాగా స్వభావాన్ని సూచిస్తుంది, స్థితిని కాదు. జ్వరం వచ్చినవాడికి జ్వరం తగ్గుతుంది. తాగుబోతు తాగుడు మానినా ఊరి నోట తాగుబోతుగానే మిగులుతాడు. పత్రికాభాష ఇచ్చిన ‘మద్యానికి బానిస’ కొంత నయం. బానిసకు విముక్తి అనేది ఒకటుంటుంది. ఇక ‘మందు’ సంగతి సరేసరి: రోగానికీ ఔషధానికీ ఒకే మాట వాడుకున్న భాష మనది.

శపథం

ఈ ప్రాంతంలో ఆధునిక మద్యవ్యతిరేకతకు తొలి రూపం శపథం. దానితో ముడిపడిన పేరు రఘుపతి వేంకటరత్నం నాయుడు. 1862లో మచిలీపట్నంలో పుట్టి, అక్కడి నోబుల్ కళాశాలలో కొంతకాలం బోధించి, తరువాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా ఎదిగిన ఆయన, 1890ల నుంచి సాంఘిక పవిత్రతోద్యమాన్ని నడిపారు. మద్యం ముట్టకపోవడం, భోగం మేళాలకు వెళ్లకపోవడం, ఏకపత్నీవ్రతం ఆ ఉద్యమం కోరిన నియమాలు. ఆయన బ్రహ్మసమాజికుడు కాబట్టి ఈ శుచిత్వానికి ఆధారం ఏకేశ్వర విశ్వాసమే.

ఈ శపథం చేసినవారిలో ఎక్కువమంది విద్యార్థులు, ఉద్యోగులు. అంటే ఇంకా తాగడం మొదలుపెట్టనివారు, లేదా తాగుతున్నట్టు బయటపడితే పరువు పోయేవారు. శపథానికి ‘చేయను’ అనే భవిష్యత్ కాలమే తప్ప ‘చేశాను’ అనే భూతకాలం లేదు. పతనమైనవాడు మళ్లీ వచ్చి చెప్పుకోవడానికి ఆ సభలో చోటు ఉండదు. చెప్పుకుంటే సభ్యత్వమే పోతుంది. గురజాడ కన్యాశుల్కంలో ఈ ఉద్యమభాషను గిరీశం నోట పెట్టి నవ్వులపాలు చేయడం అందరికీ తెలిసిందే. 1909 నాటి మలికూర్పులో సారాదుకాణం రంగం కూడా ఉంది. బైరాగితో పాటు నలుగురు చేరి తాగుతూ వేదాంతం మాట్లాడతారు. తాగేవారు తమలో తాము మాట్లాడుకోవడాన్ని తెలుగు సాహిత్యం ఇంత శ్రద్ధగా విన్న సందర్భాలు తక్కువ. అయితే అది ప్రహసనం. ఆ దుకాణంలోని సమానత్వం, కులభేదం మరిచి ఒకే సీసా పంచుకోవడం సంస్కర్తల సభలకు లేని సుగుణమని గురజాడకు తెలుసుననే నా అభిప్రాయం.

నిషేధం

శపథం నుంచి చట్టానికి ప్రయాణం సహాయనిరాకరణోద్యమంతో మొదలైంది. 1921లో కల్లుపాటలను బహిష్కరించడం, దుకాణాల ముందు పికెటింగు చేయడం డెల్టా గ్రామాలకు తొలి రాజకీయానుభవాలలో ఒకటి. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం ప్రవేశపెట్టింది. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఏడాదికే నిషేధం ప్రశ్నపైన ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివరలో నిషేధమే తొలగింది.

తరువాతి ఘట్టానికి గుడివాడతో దగ్గరి సంబంధముంది. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన ప్రభుత్వకాలంలోనే ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినదీ ఆయన ప్రభుత్వమే. ఈ రెంటి నడుమ ఉన్నది నెల్లూరు జిల్లా దూబగుంటలో అంటుకుని రాష్ట్రమంతా పాకిన 1992 నాటి సారా వ్యతిరేకోద్యమం. అక్షరాస్యతా తరగతుల్లో స్త్రీలు చదువుకున్న ఒక చిన్న పాఠం దానికి నిప్పురవ్వ అయింది. ఒక వాచకం ఒక ప్రభుత్వవిధానాన్ని మార్చిన ఉదంతంగా తెలుగు అధ్యాపకులు దీనిని మరింత పట్టించుకోవలసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధమైంది. సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. దశలవారీ నిషేధమనే వాగ్దానంతో 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతులకు వెళ్లాయి.

ఈ రాకపోకలన్నిటిలో ఒకటి మారలేదు. చట్టం దుకాణంతో మాట్లాడుతుంది, లైసెన్సుతో మాట్లాడుతుంది, ఖజానాతో మాట్లాడుతుంది. తాగేవాడితో మాట్లాడవలసి వస్తే పోలీసు స్టేషనులో మాట్లాడుతుంది. స్త్రీల ఉద్యమం కుటుంబం పక్షాన మాట్లాడింది. దాని న్యాయాన్ని ప్రశ్నించేవారు ఎవరూ ఉండరు. కాని దుకాణం మూతపడిన రాత్రి చేతులు వణికేవాడి వాక్యం ఆ ఉద్యమం బాధ్యత కాదు.

బందరు నుంచి ముదునూరుకు

1930లలో బందరుకు ఒక వృక్షశాస్త్రోపాధ్యాయుడు వచ్చారు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1902లో పుట్టి, మద్రాసులో ఎం.ఎ. స్థాయి వృక్షశాస్త్రం చదివి, మధుర, కోయంబత్తూరు, కొలంబోలలో పనిచేసి, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో నాస్తికత్వం కారణంగా 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. రఘుపతి వేంకటరత్నం నాయుడు ఏకేశ్వరవాదాన్ని నాటిన కళాశాలే అది. ఆపైన మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరి, విద్యార్థులతో చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి వయోజనులకు చదువు చెప్పడం, అంటరానితనానికి వ్యతిరేకంగా పనిచేయడం సాగించారు. దశాబ్దం చివరికి ఆ ఉద్యోగమూ అదే కారణంతో ముగిసింది. 1940లో ఉయ్యూరు దగ్గరి ముదునూరు యువకులు పిలవగా భార్య సరస్వతి, పిల్లలతో అక్కడికి వెళ్లి నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

ఆ నేల అప్పటికే హేతువాదానికి కొత్తది కాదు. గుడివాడ ప్రాంతపు అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణవిమర్శను పద్యంలోనే చేసి చూపారు. అయితే త్రిపురనేనిది ప్రధానంగా ఖండన. గోరాది జీవనవిధానం. వర్ణభేదం లేని సహపంక్తి భోజనాలు, మూఢనమ్మకాలను పరీక్షించి చూపే ప్రదర్శనలు, పల్లెలో అందరితో కలిసి బతకడం ఆయన పద్ధతులు.

గోరా ఆలోచనలో మన విషయానికి కీలకమైన అంశం స్వేచ్ఛ. ఆస్తికత్వమంటే కేవలం దేవుడున్నాడన్న నమ్మకం కాదు, మనిషి తనను తాను మరో శక్తికి లోబడినవాడిగా భావించే బానిస మనస్తత్వమని ఆయన నిర్ణయం. నాస్తికత్వమంటే మనిషి తాను స్వేచ్ఛాజీవినని గుర్తించడం. స్వేచ్ఛ ఉన్నచోటే నైతికబాధ్యత ఉంటుంది. కర్మ, తలరాత, పూర్వజన్మ అనే మాటలు అంటరానివాడిని తన స్థితికి రాజీపరచే పనిముట్లని ఆయన పల్లెల్లో గమనించారు. ‘నా రాత ఇంతే’ అనే వాక్యం కులానికి ఎంత పనికొస్తుందో సీసాకూ అంతే పనికొస్తుంది. గోరా మద్యవిముక్తి బృందాలు నడిపారని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మద్యానికి బానిస అనే పత్రికా పదబంధానికి ఆయన తత్త్వంలో అక్షరార్థంగా చోటుందనేది మాత్రం గమనార్హం.

1944 చివర సేవాగ్రాంలో గోరా గాంధీని కలిశారు. ఆ సంభాషణలే 1951లో ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’గా వెలువడ్డాయి. గాంధీ నిర్మాణ కార్యక్రమంలో మద్యనిషేధం ఒక అంశం. అందులో చట్టానికి సంబంధంలేని ఒక సూచన ఉంది: అలసిన కూలీ కాసేపు కూర్చుని, చౌకగా ఏదైనా తిని తాగి, ఆటలాడుకునే వినోదశాలలు కాంగ్రెసు సంఘాలు తెరవాలన్నది. కల్లుపాక ఇచ్చేది కల్లు మాత్రమే కాదు, కూర్చునే చోటు కూడా అని గాంధీ గ్రహించాడు. నిషేధచట్టం గురించి పుటలకు పుటలు రాసిన చరిత్రకారులు ఈ వినోదశాలలను దాటిపోవడం విచారకరం.

1970లలో గోరా కుమారుడు లవణం, కోడలు హేమలత బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో నేరసంస్కరణకు పూనుకున్నారు. సాల్వేషన్ ఆర్మీ 1913లో ఆ సెటిల్మెంటును బైబిలుతో మొదలుపెట్టింది. జాషువా కుమార్తె హేమలత అదే ఊరికి ఏ గ్రంథమూ లేకుండా వెళ్లారు. ఊరు కృష్ణకు అవతలిదైనా ఉదంతం మనకు అవసరం. పుట్టుకతోనే నేరస్థులని చట్టం ముద్రవేసినవారిని స్వభావం మారని ‘బోతు’లుగా కాక, నిర్ణయం తీసుకోగల మనుషులుగా సంబోధించడం అక్కడ జరిగింది.

ఆరుగురు తాగుబోతులు, పన్నెండు మెట్లు

తోటివారి బృందాల ఆధునిక చరిత్ర 1840 ఏప్రిల్లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక మద్యశాలలో మొదలైంది. ఆరుగురు తాగుబోతులు తాము మానుకుంటామని నిర్ణయించుకుని, వాషింగ్టన్ పేరిట సంఘం పెట్టారు. అక్కడ ఉపన్యాసాలు లేవు, అనుభవాలు చెప్పుకోవడమే. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డులోని అటువంటి సంఘంలో మాట్లాడుతూ, అప్పటికింకా న్యాయవాదిగా ఉన్న అబ్రహాం లింకన్, బోధకులూ న్యాయవాదులూ జీతానికి కుదిరిన ప్రచారకులూ విఫలమైనచోట తాగుడు మానినవాడు ఎందుకు సఫలమవుతాడో వివరించారు. ఆ ఉద్యమం ఆ దశాబ్దంలోనే చల్లారింది.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు మాతృక ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సమూహం. 1939లో ప్రకటించిన పన్నెండు మెట్లలో ఆరు దేవుడినో, తనకంటే గొప్ప శక్తినో ప్రస్తావిస్తాయి. మొదటి మెట్టు మద్యం ముందు తాను అశక్తుణ్ణని ఒప్పుకోవడం. దీనితో పొసగనివారు తరువాత వేరే దారులు వేసుకున్నారు: 1975లో జీన్ కిర్క్‌ప్యాట్రిక్ స్త్రీల కోసం ఒక సంస్థ, 1980లలో జేమ్స్ క్రిస్టఫర్ మతేతర సంస్థ, 1994లో ఆల్బర్ట్ ఎల్లిస్ మనోవిజ్ఞానం ఆధారంగా స్మార్ట్ రికవరీ. ఈ చివరిది మద్యంతో పాటు జూదం వంటి ప్రవర్తనలను ఒకే సభలో చర్చిస్తుంది. సప్తవ్యసనాల వర్గీకరణ మరో తోవన తిరిగి వచ్చిందన్నమాట. అశక్తత స్థానంలో అది పెట్టినది స్వీయనిర్వహణ. గోరా వాదంతో దీనికి ప్రత్యక్ష సంబంధం లేదు, పోలిక మాత్రం స్పష్టం.

స్మార్ట్ పద్ధతిలో ఒక ముఖ్యాంశం కోరికనూ మనిషినీ విడదీసి చూడటం. తాగాలన్న ఊపు వస్తుంది, కాసేపటికి పోతుంది. అది తానే కాదు. ఆంగ్లంలో దీనికి వివరణ కావాలి. తెలుగులో వ్యాకరణమే ఆ పని చేస్తుంది. ‘నేను తాగాను’ అన్నప్పుడు కర్త ప్రథమావిభక్తిలో ఉంటాడు. ‘నాకు తాగాలనిపించింది’ అన్నప్పుడు అతను చతుర్థిలోకి తప్పుకుని, కోరిక తనకు తటస్థించినదిగా చెబుతాడు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న ఎడంలోనే చికిత్స అంతా ఉంది.

దీక్ష, సాక్ష్యం

మగవారు కలిసి మద్యం మానే ఆచారం డెల్టాలో లేదనుకోవడం పొరపాటు. అది ఏటా కార్తీకంలో కనిపిస్తుంది. అయ్యప్పమాల వేసుకున్నవాడు మండలదీక్ష 41 రోజులూ మద్యమాంసాలు ముట్టడు. ఒంటరిగా ఉండడు, తోటి దీక్షాపరులతో భజన, భిక్ష, నేలపడక. కూలివాడైనా ఆసామి అయినా ‘స్వామి’ అనే ఒకే పిలుపు. గురుస్వామి అంటే చదువుకున్నవాడు కాదు, ముందు వెళ్లివచ్చినవాడు. తోటివారి బృందానికి కావలసిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి, ఒకటి తప్ప: నలభై రెండో రోజు. మాల తీసిన సాయంత్రమే దుకాణానికి వెళ్లేవారి గురించి ఊళ్లలో చెప్పుకునే హాస్యాలకు లెక్కలేదు. ఇక్కడ మానిపించేది మాల. మాలతో పాటే ఆ శక్తీ తీసి గూట్లో పెట్టేస్తారు.

రెండో ఆచారం సాక్ష్యం. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చిన నాటి నుంచి క్రైస్తవం ఈ తీరంలో వేళ్లూనింది. ప్రార్థనకూడికల్లో నిలబడి, తాను ఎలా తాగేవాడో, ఇంటివాళ్లను ఎలా కొట్టేవాడో, ఎలా మానాడో చెప్పుకునే పద్ధతి తెలుగుకు ఒక కొత్త కథనరూపాన్నిచ్చింది. ఉత్తమపురుషలో, భూతకాలంలో, నలుగురి ముందు, సిగ్గును దాటి చెప్పుకునే ఆత్మకథ అది. దాని కర్త తరచు నిరక్షరాస్యుడు. మన స్వీయచరిత్రల చరిత్రలో సాక్ష్యానికి చోటు లేకపోవడం లోపమే. అయితే ఈ కథలో మలుపు దగ్గర కర్త మారిపోతాడు. తాగినవాడు ‘నేను’, మాన్పించినవాడు ‘ప్రభువు’. మళ్లీ తాగితే ఏమవుతుంది? మద్యంతో పాటు విశ్వాసం కూడా ఓడినట్టవుతుంది, అతను కూడికకే రావడం మానేస్తాడు. మానడం మొదలుపెట్టినవారు మళ్లీ జారడం వ్యసనస్వభావంలోనే ఉన్నదని వైద్యులు చెప్పే కాలంలో ఇది చిన్న చిక్కు కాదు.

మతనిరపేక్ష బృందం కోరేది ఇదే సాక్ష్యాన్ని, మలుపు దగ్గర కర్త మారకుండా. అందులో జారడం కూడా కథలో భాగంగానే చెప్పుకోవచ్చు.

తుఫాను తరువాత, పొదుపు సంఘం

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో నాగాయలంక, కోడూరు తీరగ్రామాలను తుడిచిపెట్టింది. ప్రభుత్వలెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. తరువాతి నెలల్లో మతసంస్థలూ నాస్తిక కేంద్రం వారూ పక్కపక్క ఊళ్లలో ఇళ్లు కట్టారు, బావులు బాగుచేశారు. నాస్తిక కేంద్రానికి అనుబంధమైన ఆర్థిక సమతా మండలి ఆ ప్రాంతంలో పని కొనసాగించింది. తుఫాను దివిసీమకు ఇచ్చినది స్వచ్ఛందసంస్థలతో కలిసి పనిచేసే అలవాటు, కులదైవంతో నిమిత్తం లేకుండా ఒక షెడ్డు కింద కూర్చుని తీర్మానం చేసుకునే అలవాటు. ఆనాటి పునర్నిర్మాణానికి దుఃఖం ఒక శాఖ కాలేదు. ఇల్లు, పడవ, వల, విత్తనం శాఖలయ్యాయి. పోయినవారిని తలుచుకుని తాగేవాడి బాధకు ఏ దరఖాస్తులోనూ గడి లేదు.

1990ల మధ్య నుంచి అదే ఊళ్లలో పొదుపు సంఘాలు వచ్చాయి. సారా వ్యతిరేకోద్యమంలో కూడిన స్త్రీలే చాలాచోట్ల వాటికి మొదటి సభ్యులు. పది పదిహేనుమంది, నెలనెలా సమావేశం, తీర్మానాల పుస్తకం, తమలోనే నాయకురాలు. బాకీ తప్పినామె సంఘం నుంచి పారిపోదు. వచ్చి కారణం చెబుతుంది, మిగతావారు గడువిస్తారు లేదా గద్దిస్తారు. మతప్రస్తావన లేకుండా, పైఅధికారి లేకుండా, తప్పినవారికి తిరిగివచ్చే దారి తెరిచి ఉంచే సభ నడపడం డెల్టా పల్లెకు ఈ విధంగా తెలిసింది. పన్నెండు మెట్ల సంస్థ కంటే ఇది స్మార్ట్ సభకే దగ్గర.

భార్యల సంఘం ఆ స్థాయికి వచ్చింది, భర్తల సంఘం రాలేదు. కారణాలలో ఒకటి సొమ్ము: పొదుపుకు బ్యాంకు అప్పు ముడిపడి ఉంది, మానుకోవడానికి ఏ అప్పూ రాదు. మరొకటి పరువు. నెలకు ఒకరోజు ఫలానా వాకిట్లో కూడే మగవారెవరో ఊరంతటికీ తెలుస్తుంది. పేర్లు దాచుకునే నగరపద్ధతి వెయ్యి గడపల ఊళ్లో చెల్లదు. గుడివాడ, బందరు వంటి పట్టణాల్లో ఆసుపత్రికి వెళ్లినవాడు మందు మానడానికి మందు తెచ్చుకుంటాడు. ఇంటికి వచ్చాక సాయంత్రం ఆరుగంటలకు ఎక్కడ కూర్చోవాలన్నది ఆ చీటీలో ఉండదు. గాంధీ చెప్పిన వినోదశాల ప్రశ్న అక్కడే ఉంది.

సంబోధన ప్రశ్న కూడా మిగిలి ఉంది. దీక్షలో అందరూ స్వాములు, కూడికలో బ్రదర్లు, పార్టీలో కామ్రేడ్లు. కల్లుపాకలో మాత్రం బావా, మావా, అన్నా. ఈ చివరివి ఎంత ఆత్మీయమైనవో అంత కులపు గీతలు దాటనివి; మాలపల్లి మనిషిని ఆసామి బావా అనడు. అలాగని వాటిని తీసేస్తే పిలుపులో తడి పోతుంది. పొదుపు సంఘాల స్త్రీలు తీర్మానాల పుస్తకంలో ‘సభ్యురాలు’ అని రాసుకుని, సమావేశంలో అక్కా, వదినా, పిన్నీ అని పిలుచుకుంటున్నారు. పుస్తకానికి ఒక మాట, నోటికి ఒక మాట.